నడుం సంచి పుట్టుపూర్వోత్తరాలు

చేత పట్టుకోనక్కర్లేకుండా ఒంటికే కట్టుకునే సంచి, రెండు చేతులకూ పని ఉన్నచోట పుట్టింది. వల విసిరేవాడికి, తెడ్డు వేసేవాడికి, తాటిచెట్టు ఎక్కేవాడికి, నెత్తిన గంపతో వీధులు తిరిగే మనిషికి చేతిసంచి అడ్డమే గాని ఆసరా కాదు. అలాగని చుట్టా, అగ్గిపెట్టే, చిల్లరా, తాళంచెవీ లేకుండా గడప దాటడమూ కుదరదు. ఈ ఇబ్బందిలోంచే నడుం సంచి వచ్చింది, భుజాన వేసే జోలె వచ్చింది, మెడలో వేలాడే తిత్తి వచ్చింది. ఇవాళ అంగళ్లలో స్లింగ్ బ్యాగు, వెయిస్ట్ పౌచ్ అని అమ్ముతున్నవి వాటి మనవలే.

విశాఖపట్నంలో చినవాల్తేరుకు దిగువన, లాసన్స్ బే పక్కన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పెద జాలరిపేట ఈ వంశవృక్షాన్ని చూడడానికి అనువైన చోటు. ఉత్తరాంధ్ర తీరంలో వేట బతుకుగా ఉన్న కులాల్లో జాలరులు, వాడబలిజలు ముఖ్యులు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల గ్రంథం జాలరులను చేపలు పట్టేవారుగానే కాక పల్లకీ మోసే బోయీలుగా, సేద్యగాళ్లుగా కూడా చెప్పింది. మూడూ చేతులు ఖాళీ లేని పనులే.

ఇలాంటి సంచుల్లో మనిషికి ఇప్పటిదాకా దొరికిన పాతవాటిలో ప్రసిద్ధమైనది ఆల్ప్స్ కొండల్లో బయటపడింది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు మంచులో సుమారు 5,300 ఏళ్లనాటి మనిషి శవం చెక్కుచెదరకుండా కనిపించింది. ఓట్జీ అని పేరుపెట్టిన ఆ మనిషి నడుముకు దూడతోలు పట్టీ ఉంది, ఆ పట్టీకి కుట్టిన చిన్న సంచీ ఉంది. అందులో చెకుముకి రాతితో చేసిన గీకుడు పనిముట్టు, తొలిచే మొన, ఎముకతో చేసిన బరమ, నిప్పు రాజేయడానికి ఎండబెట్టిన పుట్టగొడుగు ఉన్నాయి. వేటకత్తి, విల్లు, గొడ్డలి లాంటి పెద్ద సరంజామా విడిగా ఉంది. చిన్నవీ, పదేపదే అవసరపడేవీ, పోతే ప్రాణం మీదికి వచ్చేవీ మాత్రమే నడుముకు చేరాయి. నడుం సంచిలో ఏం పెట్టాలనే నియమం అప్పటినుంచి ఇప్పటిదాకా పెద్దగా మారలేదు. అగ్గి రాజేసే పుట్టగొడుగు పోయి అగ్గిపెట్టె వచ్చింది, అగ్గిపెట్టె పక్కకు సెల్‌ఫోను వచ్చింది.

తెలుగునాట ఈ సంచి కథ బట్టతో ముడిపడి ఉంది. పంచె, చీర, తువ్వాలు కుట్టని బట్టలు. వాటికి జేబు ఉండదు. కుట్టిన చొక్కా, లాల్చీ సామాన్యుడి ఒంటి మీదికి వచ్చేదాకా జేబు చేసే పనిని బట్ట మడతలే చేశాయి. మగవాళ్లు పంచె అంచును నడుము దగ్గర చుట్టి అందులో పొగాకు, నాణేలు దోపుకున్నారు. రొంటిన దోపుకోవడం అంటే అదే. ఆడవాళ్లు కొంగు చివర నాణెం పెట్టి ముడివేశారు, లేదా బొడ్డు దగ్గర కుచ్చిళ్లలో దాచారు. పత్తి చేలో, మిరప తోటలో కోతకు వెళ్లేవారు చీర చెరగునో వేరే గుడ్డనో ముందుకు ఒడిలా కట్టుకుని, రెండు చేతులా కోసి అందులో వేస్తారు. ఇది ఇప్పటికీ పల్లెల్లో రోజూ కనిపించే పద్ధతి. తలపాగా మడతలోకి బీడీ, చుట్ట ఎక్కాయి. మొలతాడుకు తాళంచెవి, ముల్లు తీసే శ్రావణం వేలాడాయి. మొలతాడు దిష్టికో ఆచారానికో కట్టేదని అనుకుంటారు గాని, గోచి తప్ప మరో బట్ట లేని మనిషికి అది సామాను తగిలించుకునే కొక్కెం కూడా.

బట్ట మడతకు ఒక పరిమితి ఉంది. అది తడుస్తుంది, జారుతుంది, పరుగెత్తితే విప్పుకుంటుంది. నాలుగు కాసులకు సరిపోతుంది గాని నెల సంపాదనకు చాలదు. అందుకే విడి సంచి అవసరమైంది. సంతలకు తిరిగే వర్తకులు, పశువుల బేరగాళ్లు రూకలను పొడవాటి గుడ్డ సంచిలో పోసి, నడుము చుట్టూ చుట్టి, పైన పంచె కట్టేవారు. మొత్తం బరువు ఒకచోట వేలాడక నడుము చుట్టూ సర్దుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. నిద్రలో లాగబోతే మనిషి మేల్కొంటాడు. ఇప్పుడు విమానాశ్రయాల్లో మనీ బెల్టు అని అమ్మే దానికీ దీనికీ దారం తప్ప తేడా లేదు.

సముద్రం మీద సమస్య వేరు. తెప్ప అంటే దుంగలను తాళ్లతో కలిపి కట్టిన తేలుడు బల్ల. దానికి లోపల అంటూ లేదు. కెరటం పైనుంచి పోతుంది, దుంగల సందుల్లోంచి కిందికి దిగుతుంది. దాని మీద పెట్టిన ఏ వస్తువూ నిలవదు, నిలిచినా పొడిగా ఉండదు. కాబట్టి తెప్ప మీద వెళ్లే మనిషికి అవసరమైనది ఏదైనా ఒంటి మీదే ఉండాలి. ఒంట్లోనూ మెడ దాకా తడిచే అవకాశం ఉంటుంది గనక మిగిలిన పొడి చోటు తల ఒక్కటే. మద్రాసు తీరంలో హార్బరు లేని కాలంలో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య విరిగిపడే కెరటాల వరుసలను దాటడం యూరోపియన్ పడవలకు సాధ్యమయ్యేది కాదు. తాళ్లతో పలకలు కుట్టి, మేకు కొట్టకుండా చేసిన మసూలా పడవలు సరుకునూ మనుషులనూ మోసేవి. కెరటాలు మరీ పెద్దవైన రోజుల్లో మసూలా కూడా దిగలేకపోతే, తెప్ప మనుషులు ఉత్తరాలు తీసుకుని వెళ్లేవారు. ఆ ఉత్తరాలు వాళ్ల తలమీద, బిగువుగా అల్లిన కొన తేలిన టోపీలో ఉండేవి. తెప్ప బోల్తాపడినా, మనిషి నీళ్లలో పడి మళ్లీ ఈది తెప్ప ఎక్కినా కాగితం తడిసేది కాదు. 18, 19 శతాబ్దాల్లో మద్రాసు వచ్చిన ఇంగ్లీషువాళ్లు తమ రాతల్లో ఈ టోపీని పదేపదే వర్ణించారు. ఓడ దిగకముందే వాళ్లకు ఈ దేశంలో కనిపించిన మొదటి మనిషి నెత్తిన తపాలా పెట్టుకుని, నడుముకు చిన్న గుడ్డ తప్ప ఏమీ లేకుండా, అలల మీద మోకాళ్లూని వస్తున్నవాడు మరి.

విశాఖ కూడా అప్పట్లో అలాంటి రేవే. లోపలి నౌకాశ్రయం 1933లో తెరుచుకునే దాకా ఓడలు బయటే ఆగేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. కెరటాన్ని దాటే విద్య తెలిసినవాళ్లు ఈ తీరపు పేటల వాళ్లే.

ఒడ్డున వేట ఇంకో రకం సంచిని తెచ్చింది. విసురు వల వేసేవాడికి రెండు చేతులూ చాలవు. వల అంచును ఒక్కోసారి పళ్లతో కూడా పట్టుకోవాలి. నడుములోతు నీళ్లలో నిలబడి వల లాగాక పడిన చేపను ఎక్కడో పెట్టాలి. ఒడ్డుకు వెళ్లి వస్తే వేట సాగదు. అందుకని నడుముకు చిన్న బుట్టో, దారంతో అల్లిన చిక్కమో కట్టుకుంటారు. చిక్కంలో నీరు నిలవదు, చేప నిలుస్తుంది. మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా ఉండడం వల్ల ఎగిరే చేప బయటికి రాలేదు. ఈ అల్లిక సూత్రం వల అల్లే చేతులకు కొత్తగా నేర్చుకోవలసింది కాదు. మిగిలిన నూలుతోనే సాయంత్రం కూర్చుని అల్లేసుకోగలరు. ఇవాళ ఖరీదైన ట్రెక్కింగ్ సంచుల పక్కన మెష్ పాకెట్ అని కుట్టేది ఈ చిక్కమే.

పేటలో సంచి చరిత్ర ఎక్కువభాగం ఆడవాళ్లది. మగవాళ్లు తెచ్చిన చేపను రేవులో వేలంలో కొనడం, గంపకెత్తడం, ఊళ్లో అమ్మడం, అప్పు తీర్చడం, మళ్లీ కొనడం అంతా ఆడవాళ్ల వ్యవహారం. గంప నెత్తిన, దాని కింద చుట్టకుదురు. మెడ నిటారుగా ఉంటే గంప తనంత తాను నిలుస్తుంది, చేతులు ఊపుతూ మైళ్లు నడవవచ్చు. అయితే తెల్లవారుజామున రేవులో రొక్కం తీసి ఇవ్వాలి, వీధిలో చిల్లర ఇవ్వాలి, మధ్యలో చేతులకు పొలుసూ రక్తమూ అంటుతాయి. ఆ చేతులతో కొంగు ముడి విప్పడం, కట్టడం ప్రతి బేరానికీ సాధ్యం కాదు. నడుము దగ్గర చీర లోపలికి దోపే, బొందుతో మూతి బిగించే గుడ్డ సంచి అలా స్థిరపడింది. బొందును రెండు వైపులకూ లాగితే మూసుకుంటుంది, మూతిలోకి రెండు వేళ్లు పెట్టి విప్పితే తెరుచుకుంటుంది. గుండీ లేదు, జిప్పు లేదు, ఉప్పునీటికి తుప్పుపట్టే లోహం ఏదీ లేదు. సంచి కింది భాగం నడుముకూ చీర చుట్టుకూ మధ్య నొక్కుకుని ఉంటుంది గనక ఎత్తుకుపోవడం దాదాపు అసాధ్యం.

ఆ సంచిలో డబ్బుతోపాటు చుట్ట కూడా ఉండేది. ఉత్తరాంధ్ర తీరపు ఆడవాళ్లలో అడ్డపొగ, అంటే నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, వైద్యుల దృష్టికి చాలాకాలం కిందటే వచ్చింది. 1971లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం అచ్చువేసిన అధ్యయనం అంగిలి పుండ్లకూ దీనికీ ఉన్న సంబంధాన్ని చూపింది. ఈ అలవాటు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఉండడం, చేతులు తడిగా, పనిలో ఉండడం అనే రెండు కారణాలు చెబుతారు. చేతులు ఖాళీగా ఉంచుకోవాలన్న అవసరం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకన్న చేదు ఉదాహరణ దొరకదు.

కోటలోకి వెళ్తే ఇదే సంచికి హోదా వచ్చింది. తాంబూలపు సంచిని అడపం అనేవారు. రాజు పక్కన ఉండి ఆకు, వక్క, సున్నం అందించేది అడపగత్తె లేదా అడపంవాడు. రాజు నోటికి వెళ్లేదాన్ని చేత పట్టిన మనిషి కాబట్టి అది నమ్మకస్థులకే దక్కే కొలువు. తంజావూరు తెలుగు నాయకరాజుల్లో మొదటివాడైన సేవప్ప నాయకుడు విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలకు అడపం మోసినవాడని చరిత్ర చెబుతుంది. 17వ శతాబ్దంలో మైసూరు చిక్కదేవరాజు కొలువులో రాణి తాంబూలపు సంచి మోసిన హొన్నమ్మ కన్నడ సాహిత్యంలో సంచి హొన్నమ్మగా నిలిచింది. సంచి మోసిన ఇద్దరిలో ఒకరు రాజ్యం ఏలారు, ఒకరు కావ్యం రాశారు. మోయించుకున్నవాళ్లకు ఆ సంచి అవసరమే గాని బరువు తెలియదు.

కొలువులు పోయాక అడపం ముసలివాళ్ల నడుముకు దిగింది. రెండు మూడు తరాల కిందటి దాకా కోస్తాలోనూ సీమలోనూ తెలంగాణలోనూ వక్కాకు సంచి లేని అవ్వ, తాత అరుదు. టైలరు దగ్గర మిగిలిన రంగురంగుల ముక్కలతో కుట్టిన ఆ సంచిలో నాలుగైదు అరలుంటాయి. ఆకుకు ఒకటి, వక్కకు ఒకటి, పొగాకుకు ఒకటి, సున్నపు కాయకు ఒకటి, అందరికీ తెలియని లోపలి అర డబ్బుకు. ఒకే బొందు లాగితే అన్ని అరలూ ఒక్కసారే మూసుకుంటాయి. సంచుల కుట్టుపనిలో తెలుగు ఆడవాళ్లు చూపిన నేర్పుకు ఇది మంచి గురుతు. మ్యూజియంలలో నగలకు దొరికే చోటు దీనికీ దొరకవలసింది.

భుజాన వేసేది మరో శాఖ. జోలె అంటే గుడ్డ రెండు కొసలు ముడివేసి ఒక భుజం మీదుగా రెండో పక్కకు వేలాడదీయడమే. భిక్షకుడికీ యాత్రికుడికీ అదే సంచి. పసిబిడ్డను మోసే తల్లికి కూడా అదే. సంక్రాంతికి వచ్చే హరిదాసు దీన్ని కూడా వదిలేసి అక్షయపాత్రను నెత్తిన పెట్టుకుంటాడు. ఒక చేతిలో చిడతలు, భుజాన తంబుర ఉంటాయి, బియ్యం పోసేవారి కోసం వంగి కూర్చుంటాడు తప్ప పాత్రను ముట్టుకోడు. విశాఖ మన్యంలో ఎండిన ఆనపబుర్రకు తాడు కట్టి, అంబలో నీళ్లో పోసి భుజాన వేసుకుని పోడు పనికి వెళ్లేవారు. చెట్టు మీద పని ఉన్న గీత కార్మికుడికి భుజం కూడా పనికిరాదు. మోకు నడుము చుట్టూ ఉంటుంది, గీత కత్తులు నడుము వెనక కట్టిన పొదిలో ఉంటాయి, కల్లు పట్టే లొట్టి పక్కన వేలాడుతుంది. అరవై అడుగుల ఎత్తున కత్తి చేయిజారితే మళ్లీ దిగి ఎక్కాల్సిందే. అందుకే ఆ పొది మూతి పైకి, చెయ్యి వెనక్కి పెడితే పిడి తగిలేటట్టుగా ఉంటుంది. ఇవాళ ఎలక్ట్రీషియన్లు, ఉక్కు ఫ్యాక్టరీ ఫిట్టర్లు కట్టుకునే టూల్ బెల్టు అమరిక సరిగ్గా ఇదే.

ఇతర దేశాల్లోనూ జేబు లేని బట్టే సంచిని కనిపెట్టించింది. జపాన్‌లో కిమోనోకు జేబులుండవు గనక నడికట్టు నుంచి చిన్న పెట్టెలను దారంతో వేలాడదీసి, దారం జారకుండా పైన చెక్కిన బొమ్మ తగిలించారు. స్కాట్లండ్ మగవాళ్లు కిల్టు ముందు తోలు సంచి కట్టారు. యూరప్‌లో మగవాళ్ల దుస్తులకు జేబులు కుట్టినా ఆడవాళ్లకు కుట్టలేదు. 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా అక్కడి ఆడవాళ్లు నడుముకు బొందుతో కట్టుకునే విడి జేబులను పావడా కింద దాచుకున్నారు. 1790ల్లో పల్చటి గౌన్ల ఫ్యాషను రాగానే ఆ జేబు దాగే చోటు పోయి, చేతిలో పట్టుకునే చిన్న సంచి వచ్చింది. అంటే చేతిసంచి పుట్టింది అవసరం వల్ల కాదు, ఉన్న సౌకర్యాన్ని ఫ్యాషను లాగేసుకోవడం వల్ల. ఆడవాళ్ల చేతులు మళ్లీ ఖాళీ కావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. 1955 ఫిబ్రవరిలో పారిస్‌లో కోకో షనెల్ గొలుసు పట్టీతో భుజాన వేసుకునే సంచిని తెచ్చి, చేత పట్టుకుని తిరిగి పోగొట్టుకోవడంతో విసిగిపోయానని చెప్పింది. జాలరిపేట ఆడవాళ్లకు ఆ విసుగు ఏనాడూ రాలేదు.

తీర్థయాత్రలు ఈ సంచులకు నియమాలు కూడా పెట్టాయి. హజ్‌కు వెళ్లే మగవాళ్లు ఇహ్రాం అనే యాత్రా దీక్షలో కుట్టని రెండు గుడ్డలే కట్టాలి. అయినా డబ్బు దాచుకోవడానికి నడుముకు పట్టీ సంచి కట్టుకోవడానికి ఇస్లాం ధర్మశాస్త్ర పండితులు అనుమతించారు. శబరిమల యాత్రికుడి ఇరుముడిలో ముందు ముడి దేవుడికి, వెనక ముడి దారి ఖర్చుకు. నెత్తిన అది ఉండగా చేతులు కర్రకూ, ఎక్కేటప్పుడు ఆసరాకూ మిగులుతాయి. విశాఖలో ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. తొలిపావంచా నుంచి బయలుదేరి కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం, హనుమంతవాక మీదుగా వచ్చి, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నం వైపు తిరుగుతారు. జాలరిపేట ఆ అప్పూఘర్ పక్కనే. లక్షల మంది చెప్పుల్లేకుండా రాత్రంతా నడిచే ఈ దారిలో చేత సంచి పట్టుకున్నవాళ్లు కనిపించడం కష్టం. మంచినీళ్ల సీసా, ఫోను, తడిబట్టల కవరు అన్నీ భుజానికో నడుముకో చేరతాయి.

పట్నపు సంచిని మార్చింది రైలు, బస్సు, సైన్యం. రైలు పెట్టెలో నిద్ర అంటే దొంగ భయం. కాబట్టి మగవాళ్ల పట్టాపట్టీల డ్రాయరుకు పక్క జేబు, ఆడవాళ్ల లంగాకు లోపలి జేబు వచ్చాయి. ఇవి కొట్టులో కొన్నవి కాదు, ఇంట్లోనో వీధి టైలరు దగ్గరో చెప్పి కుట్టించుకున్నవి. లుంగీ మడిచి కట్టిన మనిషి దుకాణం ముందు లుంగీ కొద్దిగా పైకెత్తి డ్రాయరు జేబులోంచి డబ్బు తీయడం తెలుగు దేశంలో ఎవరికీ వింతగా అనిపించదు. ఇక బస్సు కండక్టరు. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది, 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్టు చించాల్సి వచ్చేది. అందువల్ల భుజం మీదుగా అడ్డంగా వేసుకున్న తోలు సంచి కండక్టరుకు గుర్తయింది. సంచి ముందుకు, పొట్ట మీదికి ఉండేది. ఎవరి చెయ్యి అందులోకి వెళ్లినా కనిపించేది. ఇవాళ కాలేజీ పిల్లలు ఛాతీ మీదికి తిప్పి వేసుకునే బ్యాగు తీరు కొత్త ఫ్యాషను అనుకుంటారు గాని కండక్టర్లు దాన్ని దశాబ్దాల తరబడి రోజూ ఎనిమిది గంటలు వేసుకున్నారు.

సైన్యం తోలును వదిలి గట్టి నూలు పట్టీలకు మారింది. బ్రిటిష్ సైన్యం 1908లో తెచ్చిన అమరికలో తూటాల అరలు, నీళ్ల సీసా, వీపు సంచి అన్నీ అల్లిన పట్టీలతో ఒకే చట్రంగా ఒంటికి బిగిసేవి. బరువు భుజాలకూ నడుముకూ పంచుకునేది. 1937లో దాన్ని మెరుగుపరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైనికులు మోసింది అదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన నాటికి ఖాకీ సంచి ఈ ఊరి వీధుల్లో తెలియని వస్తువు కాదు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన ఆ సంచులు ప్రపంచమంతటా పాత సామాన్ల కొట్లకు చేరి, విద్యార్థుల, కొండలెక్కేవాళ్ల భుజాలకెక్కాయి. ఇక్కడ దానికి పోటీగా ఖద్దరు సంచి నిలిచింది. స్వాతంత్ర్యోద్యమంలో మొదలై, తర్వాత ఉపాధ్యాయులకూ కవులకూ పార్టీ కార్యకర్తలకూ అది గుర్తయింది. దాని పట్టీ సన్నం, భుజాన జారుతుంది, వర్షానికి పుస్తకాలు తడుస్తాయి. సంచిగా చూస్తే అది అంత గొప్ప వస్తువేమీ కాదు. మోసినవాళ్ల వల్ల దానికి గౌరవం వచ్చింది.

మూడు ముక్కలు నడుం సంచికి ఈనాటి రూపాన్ని ఇచ్చాయి. మొదటిది జిప్పు. గిడియన్ సుండ్‌బ్యాక్ 1913లో దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చాడు, 1917లో పేటెంటు వచ్చింది. రెండోది నైలాను, 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. తడిసినా బరువెక్కదు, త్వరగా ఆరుతుంది, నూలులా కుళ్లదు. పేటల్లో నైలానును మొదట సంచిగా కాదు, వలగా చూశారు. నూలు వలను ప్రతి వేటా అయ్యాక ఆరబెట్టాలి, రంగు పట్టించాలి. నైలాను వలకు ఆ శ్రమ తగ్గింది. మూడోది రెండు వైపులా నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిలు. ముడి వేయడం, విప్పడం అనే ప్రాచీనమైన పని దానితో ఒక టక్కుమనే చప్పుడుకు కుదించుకుపోయింది. వీటికి 1955లో పేటెంటు పొందిన వెల్క్రో తోడైంది. ఉప్పునీటిలో పనిచేసేవాళ్లకు మాత్రం ఇందులో జిప్పు ఎప్పుడూ నమ్మదగిన వస్తువు కాదు. ఇసుక రేణువు పళ్లలో ఇరుక్కుంటే కదలదు, లోహపు జిప్పయితే కొద్దికాలానికే తుప్పుతో బిగుసుకుపోతుంది.

1962లో ఆస్ట్రేలియాకు చెందిన మెల్బా స్టోన్ అనే ఆవిడ కంగారూ పొట్టసంచిని చూసి నడుం సంచిని కనిపెట్టిందని తరచూ రాస్తుంటారు. ఆమె అమ్మిన సంచి ఆధునిక రూపానికి ఒక మజిలీ కావచ్చు గాని, 5,300 ఏళ్ల కిందటి మంచు మనిషి నడుము చూశాక ఆ మాటను పట్టించుకోనక్కర్లేదు. అమెరికాలో 1980ల్లో నైలాను నడుం సంచి విపరీతంగా అమ్ముడుపోయింది, 1988లో ఆడ్‌వీక్ పత్రిక ఆ ఏడాది వేడివేడిగా అమ్ముడైన వస్తువుగా దాన్ని పేర్కొంది. ఆ తర్వాత పదేళ్లకు అది నవ్వులపాలైంది. పొట్ట ముందు సంచి కట్టుకున్నవాడంటే పర్యాటకుడేనని వెక్కిరించేవారు. 2010ల్లో పెద్ద ఫ్యాషను సంస్థలు దాన్నే భుజం మీదుగా అడ్డంగా వేసి మళ్లీ తెచ్చాయి. అమెరికా, గల్ఫ్ దేశాల నుంచి సెలవులకు వచ్చే తెలుగువాళ్లు పాస్‌పోర్టు, టికెట్టు పెట్టుకుని ఈ సంచిని ఇక్కడి విమానాశ్రయాలకు అలవాటు చేశారు. అక్కడినుంచి అది ఆటో డ్రైవర్లకూ, మోటారు సైకిలు మీద భోజనాలు చేరవేసే కుర్రాళ్లకూ చేరింది.

జాలరిపేటలో ఈ మధ్య మార్పు సంచిలో కన్నా సంచి లోపలి సరుకులో ఎక్కువ. తెప్ప దుంగల స్థానంలో ఫైబరు పడవ, తెడ్డు స్థానంలో ఇంజను వచ్చాయి. 2008 నవంబరు ముంబై దాడుల తర్వాత సముద్రంలోకి వెళ్లే మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలైంది. తీర రక్షక దళం అడిగినప్పుడు చూపించడానికి కార్డు వెంట ఉండాలి. ఫోను వచ్చాక ఒడ్డున ధర ఎంతో పడవలోంచే కనుక్కునే వీలు కలిగింది. చుట్ట తడిస్తే నష్టం రూపాయల్లో ఉండేది, ఫోను తడిస్తే వేలల్లో ఉంటుంది. అందుకని మెడకు తగిలించే ప్లాస్టిక్ తిత్తులు, అవి లేనిచోట మూతి బిగించిన పాలిథీన్ కవర్లు వాడుకలోకి వచ్చాయి. మద్రాసు తెప్ప మనిషి టోపీ చేసిన పనే ఇది.

ఆడవాళ్ల నడుం సంచి మీద మరో రకం దెబ్బ పడింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, అదే ఏడాది నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేపల గంప పక్కన క్యూఆర్ కోడ్ అట్టముక్క వచ్చింది. చిల్లర తగ్గింది గాని పోలేదు. తెల్లవారుజామున రేవు వేలంలో, అప్పు లెక్కల్లో రొక్కానికి ఉన్న చోటు ఇంకా ఉంది. కాబట్టి ఇప్పుడు ఆ సంచికి డబ్బుతోపాటు ఫోనును కూడా మోయాల్సి వచ్చింది. బొందు సంచిలో ఫోను జారిపోతుందని, జిప్పున్న చిన్న రెక్సిన్ పర్సును పొడవాటి పట్టీతో మెడలో వేసుకునేవాళ్లు పెరిగారు. చీర లోపల దాగి ఉండే సంచి చీర పైకి వచ్చింది. ఇది సౌకర్యమే అయినా భద్రతలో ఒక మెట్టు దిగడమే. పైనున్న పట్టీని ఒక్క లాగుతో తెంపవచ్చు, లోపల దోపిన సంచిని తెంపలేరు.

ప్రయాణానికి ఇలాంటి సంచి కొనేవారికి పేట పద్ధతిలోంచి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. బరువు నడుము దగ్గర, ఒంటికి అంటుకుని ఉండాలి. పొట్ట నుంచి దూరంగా వేలాడే సంచి నడకలో ఊగి నడుము నొప్పి తెస్తుంది. జిప్పు మూతి ఒంటి వైపుకు ఉండాలి, డబ్బు అరా, ఫోను అరా వేరువేరుగా ఉండాలి. సముద్రం దగ్గరైతే లోహపు జిప్పు కన్నా ప్లాస్టిక్ జిప్పు, దాని కన్నా బొందు మేలు. గిరి ప్రదక్షిణకు వెళ్లేవారు అప్పూఘర్‌లో స్నానానికి దిగేముందు సంచిని ఒడ్డున వదిలిపెట్టకుండా, నీళ్లు చొరని కవరులో ఫోను పెట్టి, నడుము కన్నా ఎత్తున, మెడకు కట్టుకోవడం మంచిది.